గయుడి పక్షాన ఒక మాట

ఒక కథలోని వీరుడు తన ఊరిని, తన శత్రువులను, తన కథకున్న కట్టుబాట్లను వెంటబెట్టుకొని వచ్చి మరొక కథలోని వీరుణ్ణి కలుసుకోవడాన్ని అమెరికా కామిక్సు పాఠకులు క్రాసోవర్ అంటారు. ఇటీవల అటువంటిది ఒకటి చదివాను. పేరు 'జేఎల్‌ఏ/అవెంజర్స్'. డీసీ, మార్వెల్ అనే రెండు పోటీ సంస్థలు కలిసి 2003, 2004 సంవత్సరాలలో నాలుగు సంచికలుగా వెలువరించిన కథ. రచన కర్ట్ బ్యూసిక్, బొమ్మలు జార్జ్ పెరెజ్. నాలుగు సంచికలూ పూర్తి చేశాను గాని, మనసు మాత్రం మొదటి సంచిక మొదటి పుటల దగ్గరే నిలిచిపోయింది. ఆ పుటలు చదువుతున్నంతసేపూ సూపర్‌మాన్ కన్నా, కెప్టెన్ అమెరికా కన్నా మన గయుడే నాకు ఎక్కువగా గుర్తుకు వచ్చాడు. ఎందుకో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ ప్రారంభం ఇలా ఉంటుంది. క్రోనా అనే ఒక మహాశక్తిమంతుడికి సృష్టి రహస్యం తెలుసుకోవాలని కోరిక. అడుగుతూ పోతాడు, జవాబు దొరకని లోకాన్నల్లా నాశనం చేస్తూ పోతాడు. గ్రహాలు కావు, బ్రహ్మాండాలకు బ్రహ్మాండాలే కూలిపోతాయి. చివరకు గ్రాండ్‌మాస్టర్ అనే ఒక జూదరి అతనికి ఎదురై పందెం ప్రతిపాదిస్తాడు. ఒక లోకపు వీరులు ఒక పక్షం, మరొక లోకపు వీరులు మరొక పక్షం. పన్నెండు మహిమగల వస్తువుల కోసం పోటీ. వీరులకు తాము ఎవరి చదరంగంలో పావులమో తెలియదు.

పెరెజ్ బొమ్మల గొప్పతనం గురించి నేను చెప్పవలసిన పనిలేదు. ఒక్క పుటలో పాతికమందిని గీసి ఏ ఒక్కరి ముఖాన్నీ మరొకరి ముఖంలా ఉండనివ్వని చేయి అది. అయినా ఆ పుటలు తిప్పుతూ ఉంటే నాకు ఒక వెలితి తోచింది. అన్ని కోట్ల ప్రాణాలు పోయాయి కదా, నేను ఎవరి కోసం బాధపడాలి? వారిలో పేరు పెట్టి పిలిచి కన్నీరు పెట్టుకోదగిన సామాన్యుడు ఒక్కడూ లేడు. ఆ ప్రళయం వీరులను కదిలించడానికి కొట్టిన నగారా మాత్రమే.

ఇక్కడ ఆ కథకుల కష్టాన్ని కూడా గుర్తించాలి. ఇద్దరు నాయకులను ఎదురెదురుగా నిలబెట్టగానే పాఠకలోకం రెండుగా చీలుతుంది. ఎవరు గెలిచినా రెండవవారి అభిమానులకు తలవంపు. అందుచేత క్రాసోవర్ రాసేవాడి మొదటి సమస్య యుద్ధాన్ని ఎలా ముగించాలన్నది కాదు. ఇద్దరూ మంచివాళ్ళే అయినప్పుడు అసలు యుద్ధం ఎందుకు రావాలన్నది. ఈ చిక్కు ఎంత గట్టిదంటే, ఈ రెండు దళాల కలయికను మొదట 1980ల ఆరంభంలోనే తలపెట్టారు. పెరెజ్ ఇరవై ఒక్క పుటలు గీశాడు కూడా. కథ విషయంలో రెండు సంస్థల సంపాదకులకూ పొత్తు కుదరక 1983లో ఆ పని ఆగిపోయింది. మళ్ళీ మొదలై అచ్చులోకి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

అంతకు ముందు 1976లో ఇవే సంస్థలు సూపర్‌మాన్‌నూ స్పైడర్‌మాన్‌నూ కలిపాయి. జెర్రీ కాన్వే రచన, రాస్ ఆండ్రూ బొమ్మలు. అది మామూలు సంచికకన్నా పెద్ద ఆకారంలో వచ్చిన పుస్తకం. దాని ప్రారంభంలో తూకం చూడండి: మొదట సూపర్‌మాన్‌కు ఒక ఘట్టం, తరువాత స్పైడర్‌మాన్‌కు ఒక ఘట్టం, ఆపైన వారి శత్రువులిద్దరూ కారాగారంలో కలుసుకొనే ఘట్టం. విందులో ఇద్దరు వియ్యంకులకు సరిసమానంగా వడ్డించినట్టు ఉంటుంది. ఇక యుద్ధానికి కారణం అపార్థం. సూపర్‌మాన్ వేషం వేసుకొని లూథర్ ఇద్దరు స్త్రీలను ఎత్తుకుపోతాడు. వీరులిద్దరూ ఒకరినొకరు అనుమానించుకుంటారు. బలంలో ఎంతో తక్కువవాడైన స్పైడర్‌మాన్ సూపర్‌మాన్‌ను కొట్టగలగడానికి కూడా లూథర్ రహస్యంగా ప్రసరించిన కిరణాలే కారణం. కిరణాల ప్రభావం తీరిపోగానే ఇద్దరూ నిలబడి మాట్లాడుకుంటారు, చేతులు కలుపుతారు. ఎవరికీ అవమానం లేదు. కాని ఎవరికీ ధర్మసంకటమూ లేదు. అపార్థం తొలగితే యుద్ధమే లేదు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. ఈ కలయికలు మనకు కొత్తవి కావు. రామాయణ వీరుడు భారత వీరుణ్ణి కలవడం అరణ్యపర్వంలోనే ఉంది. ద్రౌపది కోరిన సౌగంధిక పుష్పం కోసం బయలుదేరిన భీముడికి దారిలో ఒక ముసలి కోతి అడ్డంగా పడుకొని కనిపిస్తుంది. తోక జరిపి పొమ్మంటుంది. భీముడు ఆ తోకను కదల్చలేకపోతాడు. ఆ కోతి హనుమంతుడు, ఇద్దరూ వాయుపుత్రులే, అన్నదమ్ములు.

ఇంకొక కలయికను తెలుగువారు ఏటేటా వింటారు. వినాయక చవితినాడు అక్షతలు చేతిలో పట్టుకొని వినే శ్యమంతకోపాఖ్యానమే అది. మణిని కాజేశాడన్న నీలాపనింద కృష్ణుడి మీద పడుతుంది. నింద బాపుకోవడానికి వెదుకుతూ గుహలోకి పోతే అక్కడ రామకథ నాటి జాంబవంతుడు ఉంటాడు. ఇరవై ఎనిమిది రోజులు పోరాడుతారు. ఒళ్ళు డస్సిపోయాక గాని తన ఎదుట ఉన్నది తన రాముడేనని జాంబవంతుడికి తెలియదు. అచ్చంగా సూపర్‌మాన్, స్పైడర్‌మాన్‌ల కథ నడక ఇదే: గుర్తించకపోవడం వల్ల యుద్ధం, గుర్తించడం వల్ల సంధి. చివరకు జాంబవతితో వివాహం అదనం.

మూడవది కిరాతార్జునీయం. దీనిని గురించి చెప్పేటప్పుడు మా ప్రాంతాన్ని తలచుకోకుండా ఉండలేను. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ జిల్లా నుండి విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు మా వైపువి. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు కదా, వాటిలో పడమటి ద్వారం గద్వాల జిల్లాలోని అలంపురం, ఉత్తర ద్వారం నాగర్‌కర్నూల్ జిల్లాలో అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం. ఈ రెండు ద్వారాల వారికీ పెద్దగుడి అయిన ఆ శ్రీశైలం ప్రాకారపు రాతిగోడల మీద అర్జునుడి తపస్సు, వేటగాడి వేషంలో వచ్చిన శివుడితో అతని పోరు చెక్కి ఉన్నాయి. శ్రీనాథుడు కూడా హరవిలాసంలో ఈ కథ చెప్పాడు.

ఆ కథ ప్రారంభం ఎంత సామాన్యమైన తగవో గమనించండి. ఒక అడవిపంది మీద రెండు బాణాలు పడ్డాయి. వేట ఎవరిది? అంతే. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాదు అడవుల్లో తరతరాలుగా వేటతో, తేనెతో, కందమూలాలతో బతికిన చెంచులకు ఈ ప్రశ్న అర్థం కావడానికి ఏ వ్యాఖ్యానమూ అక్కరలేదు. శ్రీశైల మల్లన్నను చెంచు మల్లయ్య అని, తమ ఆడపడుచును చేసుకొన్న అల్లుడని చెప్పుకొనే వారు వారు. గోడమీది శివుడు వారికి వేషం వేసుకొన్న దేవుడు కాడు, తమలో ఒకడు. దేవుడికీ మహావీరుడికీ జరిగిన పోరు ఒక వేటగాళ్ళ పేచీతో మొదలు కావడంలోని అందం ఆ అడవి దారిన నడిచేవారికి తెలుస్తుంది.

అయితే ఈ మూడు కథల్లోనూ తగవుకు మూలం ఎదుటివాడెవరో తెలియకపోవడమే. తెలిసి తెలిసి, ప్రాణమిత్రులు ఇద్దరు, ఒకరి బలం ఒకరికి తెలిసినవారు, బావమరుదులు, కత్తి దూసుకొనే కథ ఒకటి కావాలి. దానిని తెలుగు నాటకరంగం తన సొంతం చేసుకొంది. అదే గయోపాఖ్యానం.

ఈ కథ వ్యాసభారతంలో లేదు. పొరుగున కన్నడ యక్షగానంలో కృష్ణార్జున కాళగ పేరుతో ఆడతారు. తెలుగులో దీనికి నాటకరూపంలో గొప్ప ప్రచారం తెచ్చినవాడు చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867-1946). పందొమ్మిదో శతాబ్దం చివరలో, రాజమండ్రిలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడి నాటక సమాజం కోసం చిలకమర్తి నాటకాలు రాస్తున్న రోజులవి. తరువాతి కాలంలో ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం పంతులు కూడా చిన్నతనంలో ఆ సమాజంలో వేషాలు కట్టినవాడే. గయోపాఖ్యానం లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయిందని సాహిత్యలోకంలో ప్రసిద్ధి. ఒక నాటకం పుస్తకానికి ఆ ఆదరణ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

కథ ప్రారంభం మీకు తెలిసినదే. కృష్ణుడు సూర్యుడికి అర్ఘ్యం ఇవ్వబోతూ దోసిలి పట్టి నిలబడి ఉంటాడు. పైన ఆకాశంలో గయుడనే గంధర్వుడు విమానంలో విహరిస్తూ తాంబూలం నమిలి కిందికి ఉమ్ముతాడు. అది వచ్చి కృష్ణుడి దోసిట్లో పడుతుంది. ఆ ఉమ్మిన వాణ్ణి చంపుతానని కృష్ణుడు ప్రతిన పడతాడు. గయుడికి తన తప్పు తరువాత తెలుస్తుంది, వణికిపోతాడు. పెద్దల గడపలన్నీ తొక్కుతాడు, కృష్ణుడి పేరు వినగానే అందరూ తలుపులు మూస్తారు. నారదుడి సలహాతో చివరికి అర్జునుడి దగ్గరకు పోయి, శత్రువెవరో చెప్పకుండా శరణు వేడుతాడు. అర్జునుడు అభయమిస్తాడు. ఇచ్చాక తెలుస్తుంది, ఎవరి నుండి కాపాడాలో.

ఈ ప్రారంభంలోని బిగువు ఏమిటో ఆలోచించండి. ఇక్కడ అపార్థం లేదు. కృష్ణుడికి అర్జునుడెవరో తెలుసు, అర్జునుడికి కృష్ణుడెవరో తెలుసు. ఒకడు చంపుతానని మాట ఇచ్చాడు, మరొకడు కాపాడతానని మాట ఇచ్చాడు. రెండు మాటలూ క్షత్రియుడికి తగిన మాటలే. మాట్లాడుకుంటే తీరిపోయే తగవు కాదిది, ఎంత మాట్లాడుకుంటే అంత బిగుసుకొనే ముడి. మధ్యలో సుభద్ర ఉంది, ఒకరికి చెల్లెలు, మరొకరికి భార్య. ఆమె రాయబారానికి కూడా ముడి వీడదు. ఇద్దరిలో ఎవరినీ తక్కువ చేయకుండా యుద్ధానికి దించడమన్న సమస్యను ఇంత సుళువుగా విడదీసిన కథ మరొకటి నాకు తెలియదు. లూథర్ లేడు, కిరణాలు లేవు. ఇచ్చిన మాట ఒక్కటి చాలింది.

ఈ తూకం విలువ మా వైపు వారికి ఇంకొక విధంగా కూడా తెలుసు. గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. పెదసోమభూపాలుడు కట్టించిన కోటలో, తరువాతి ప్రభువుల కాలంలోనూ, పండితసభలు జరిగేవి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు దూరదేశాల నుండి కవులు వచ్చేవారు. తిరుపతి వేంకట కవులు వచ్చి అవధానాలు చేశారు. ఆ కవులే తరువాత పాండవోద్యోగ విజయాలు రాసి తెలుగు పద్యనాటకానికి ప్రాణం పోశారు. ఉద్దండులు ఇద్దరు ఒక సభలో తలపడినప్పుడు ఏ ఒక్కరి పాండిత్యమూ చిన్నబోకుండా ఇద్దరినీ సత్కరించి పంపడం ప్రభువు నేర్పు. క్రాసోవర్ రాసేవాడికి కావలసిన నేర్పు కూడా అదే.

సినిమాలో ఇది మరీ స్పష్టంగా కనిపించింది. 1963లో కె.వి. రెడ్డి 'శ్రీకృష్ణార్జున యుద్ధము' తీశాడు. కృష్ణుడు ఎన్.టి. రామారావు, అర్జునుడు అక్కినేని నాగేశ్వరరావు, గయుడు ధూళిపాళ. ఆ రోజుల్లో ఆ ఇద్దరు నటుల అభిమానులు రెండు శిబిరాలు. ఒకరిని ఓడించి మరొకరిని గెలిపిస్తే సినిమాహాలులో కుర్చీలు మిగిలేవి కావు. ఈ కథ ఎవరినీ ఓడించదు. చివరికి దైవమే అడ్డుపడి ఆపుతుంది, గయుడు బతుకుతాడు. రెండు పెద్ద సంస్థల సంపాదకులకు ఇరవై ఏళ్ళు లొంగని చిక్కుకు తెలుగు ప్రేక్షకుల దగ్గర జవాబు అప్పటికే సిద్ధంగా ఉంది.

ఇంతవరకు చెప్పింది నాయకుల సంగతి. నా అసలు మాట గయుణ్ణి గురించి.

మా వైపు జాతరలకు, తిరునాళ్ళకు ఊరివాళ్ళే హార్మోనియం పంతులును పిలిపించుకొని నాటకం నేర్చి ఆడే అలవాటు ఉండేది. అటువంటి ఒక ఆటలో, కృష్ణార్జునులు పద్యానికి పద్యం అప్పజెప్పుతూ, జనం వన్స్‌మోర్‌లు కొడుతూ ఉన్నప్పుడు, నా పక్కన చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "పెద్దోళ్ళిద్దరు మల్ల కల్సుకుంటరు బిడ్డా, నడుమ వాని గతేంది?" ఆమె చూపు రంగస్థలం అంచున తల వంచుకొని నిలబడ్డ గయుడి వేషగాడి మీద ఉంది. అతడికి ఆ దృశ్యంలో పద్యం కూడా లేదు.

ఆ ప్రశ్న ఆ నేల మీద పుట్టడంలో ఆశ్చర్యం లేదు. గద్వాల, అలంపురం ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. ఇటు కృష్ణ, అటు తుంగభద్ర, నడుమ గడ్డ. చరిత్రకారులు రాయచూరు అంతర్వేది అని పిలిచే భూమికి ఇది తూర్పు కొస. ఈ అంతర్వేది కోసం విజయనగర రాజులు, బహమనీ సుల్తానులు తరాల తరబడి యుద్ధాలు చేశారు. బహమనీ రాజ్యం చీలిన తరువాత కూడా తగవు తీరలేదు. 1520లో కృష్ణదేవరాయలు బిజాపూరు సుల్తాను మీద రాయచూరు యుద్ధం గెలిచింది దీని కోసమే. ఆ యుద్ధాల కథలు మనం రాజుల పేర్లతో చదువుకుంటాం. ఎవరు గెలిచారు, ఎన్ని ఏనుగులు వచ్చాయి, సంధి షరతులేమిటి. నడుమ గడ్డ మీద జొన్న చేను వేసుకొన్నవాడికి ఎవరు అభయమిచ్చారన్నది ఆ పుస్తకాలలో ఉండదు. రెండు ఏళ్ళ నడుమ, రెండు రాజ్యాల నడుమ బతికిన వారి వారసురాలికి కృష్ణార్జున యుద్ధంలో మొదట కనిపించేది గయుడు కావడం సహజమే.

ఈ దృష్టితో చూస్తే గయోపాఖ్యానం ప్రారంభం గొప్పతనం మరొక మెట్టు పైకి పోతుంది. ఆ కథ నాయకులతో మొదలు కాదు. పొరపాటున ఉమ్మిన ఒక చిన్నవాడితో మొదలవుతుంది. అతని తప్పు చిన్నది, శిక్ష పెద్దది. అతడు మహాత్ముడూ కాడు. శత్రువు పేరు దాచి అభయం సంపాదించిన భయస్థుడు. అయినా అటువంటి ఒక్క ప్రాణం కోసం లోకంలోకెల్లా గొప్ప స్నేహం యుద్ధభూమికి వెళ్ళవలసి వచ్చింది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి అర్జునుడు చెల్లించబోయే వెల సాక్షాత్తూ కృష్ణుడు. ఆ వెల అంత పెద్దది కనుకనే గయుడి ప్రాణానికి అంత విలువ వచ్చింది. క్రోనా కథలో లెక్క తలకిందులు. అక్కడ బ్రహ్మాండాలు పోతే వీరులు కదులుతారు. పోయిన వాటిలో ఒక్కదానికీ విలువ కట్టే తీరిక కథకు లేదు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. 'జేఎల్‌ఏ/అవెంజర్స్' మొదటి సంచికలోనే, ఆ ప్రళయ ఘట్టం దాటాక, మంచి రచన ఉంది. ఒక లోకపు వీరులు మరొక లోకంలో అడుగు పెడతారు. మార్వెల్ లోకానికి వెళ్ళిన సూపర్‌మాన్‌కు అక్కడి పేదరికం, భయం, ద్వేషం చూసి ఈ వీరులు ఏం చేస్తున్నారని కోపం వస్తుంది. డీసీ లోకానికి వచ్చిన కెప్టెన్ అమెరికాకు అక్కడ వీరుల కోసం కట్టిన స్మారక భవనాలు చూసి వీరు జనాన్ని లొంగదీసుకొని పూజలు చేయించుకుంటున్నారేమోనని అనుమానం వస్తుంది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. చిన్నవాళ్ళ పట్ల పెద్దవాళ్ళ బాధ్యత ఏమిటన్న ప్రశ్న అది. అంటే గయుడి ప్రశ్నే. బ్యూసిక్‌కు ఆ ప్రశ్న తెలుసు. నా అసంతృప్తి అంతా దానిని మొదటి పుటలో అడగకుండా బ్రహ్మాండాలు కూలాక అడిగాడన్నదే. పెరెజ్ 2022లో కన్నుమూశాడు. ఆ ఏడు ఈ పుస్తకాన్ని తిరిగి ఏడు వేల ప్రతులు మాత్రమే అచ్చు వేశారు. ఆ ప్రతుల కోసం అభిమానులు ఎగబడ్డారంటే ఆ కథకు దాని వెల దక్కిందనే అర్థం.

బలాబలాలు తేల్చుకోవాలన్న ఉబలాటం ఏ దేశపు పాఠకుడికైనా ఉంటుంది. భీముడు గొప్పా, హనుమంతుడు గొప్పా అని మనమూ చిన్నప్పుడు కొట్టుకున్నవాళ్ళమే. కాని ఇద్దరు వీరులు కలిసే కథ ఏదైనా చేతికి వస్తే ఇకమీదట నేను ముందుగా చూసేది ఎవరు గెలుస్తారని కాదు. ఆ కథలో గయుడు ఉన్నాడా, ఉంటే ఏ పుటలో ఉన్నాడు, అతనికి పేరు పెట్టారా అని చూస్తాను.

మీ ఊళ్ళలో కృష్ణార్జున యుద్ధమో, రామాంజనేయ యుద్ధమో ఆడిన రోజులు గుర్తున్నవారు ఉంటారు. గయుడి వేషం ఎవరికి ఇచ్చేవారు, ఆ వేషం కట్టడానికి ఎవరైనా ముందుకు వచ్చేవారా, తెలియజేస్తే సంతోషిస్తాను. కృష్ణుడి కిరీటం కోసం పేచీ పడినవారిని నేను చాలామందిని చూశాను. గయుడి కోసం పేచీ పడినవాణ్ణి ఒక్కణ్ణయినా చూడాలని ఉంది.